ఒకే రకం ఆర్‌సీ కార్లు రెండు కొనండి: తిరుపతి ఎండకీ, ఎర్రమట్టికీ తగ్గట్టు

పిల్లకాయల పుట్టినరోజుకి రిమోట్ కారు కొనిపెట్టడం మన ఇళ్ళల్లో మామూలే. వారం తిరక్కుండా ఒక చక్రం ఆగిపోతుంది, నెల తిరిగేసరికి కారు అటకెక్కుతుంది. అందులో పిల్లకాయల తప్పేమీ లేదు. ఆ కారుని విప్పొచ్చు గానీ, అరిగినదాని బదులు వేయడానికి పార్టు దొరకదు. గేరు పన్ను ఒక్కటి పోతే కారు మొత్తం పోయినట్టే. హాబీ గ్రేడ్ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు అట్లా కాదు. మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్, ముందు చక్రాలని పక్కలకి తిప్పే సర్వో, గేర్లు, యాక్సిళ్ళు, చక్రాలని ఛాసిస్‌కి (కారు అడుగు చట్రానికి) కలిపే ఆర్ములు అన్నీ విడివిడిగా అమ్ముతారు, విడివిడిగా మార్చుకోవచ్చు. జపాన్ కంపెనీ టామియా 1976లో పోర్షె 934తో ఆర్‌సీ కార్లు మొదలుపెట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ హాబీని నిలబెట్టింది ఈ మరమ్మతు సౌకర్యమే.

ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకోవాలంటే మేం చెప్పే మొదటి మాట: ఒకే మోడల్ కార్లు రెండు కొనండి, అవీ నిదానంగా పోయేవి కొనండి. నాన్నకి అరవై కిలోమీటర్ల వేగంతో పోయేది ఒకటి, పిల్లవాడికి చవక బొమ్మ ఒకటి కొంటే ఏమవుతుందో తెలిసిందే. నాన్న నడుపుతాడు, పిల్లవాడు చూస్తూ కూర్చుంటాడు. రెండూ ఒకటే మోడల్ అయితే పందెంలో ‘నీ కారు మంచిది’ అనే పేచీ ఉండదు. బ్యాటరీలు, ఛార్జర్, టైర్లు రెండింటికీ పనికొస్తాయి. స్పేర్లు ఒక సెట్టు తెచ్చిపెట్టుకుంటే రెండు కార్లూ నడుస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఒక కారులో ఏదో తేడా వచ్చి, అది సర్వోదో రిసీవర్‌దో తేలకపోతే, రెండో కారు సర్వో తీసి ఇందులో గుచ్చి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఏ మోడల్ కొనాలన్నది మీకు ఉన్న చోటును బట్టి ఉంటుంది. మిద్దె, వరండా, పెరట్లో నాలుగు రాళ్ళు, ఇంతే ఉంటే క్రాలర్ (రాళ్ళెక్కే నిదానం కారు) తీసుకోండి. యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి 1/24 (అసలు బండిలో 24వ వంతు) సైజు క్రాలర్ అరచేతిలో పడుతుంది, మనిషి నడకంత వేగంతో పోతుంది, ఆరేడేళ్ళ పిల్లలు కూడా భయం లేకుండా నడుపుతారు. తక్కువ డబ్బుతో విప్పడం, బిగించడం నేర్చుకోవాలంటే డబ్ల్యూపీఎల్ ట్రక్కులు మంచివి. వాటిలో డీ12 అనేది సుజుకీ క్యారీ రూపంలో ఉంటుంది, మన మార్కెట్లో కూరగాయలు దించే చిన్న ట్రక్కులాగా. ఖాళీ స్థలం, గట్టి మట్టినేల అందుబాటులో ఉంటే డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 లాంటి 1/14 బగ్గీ (మట్టిలో పరిగెత్తే తేలిక కారు) సరిపోతుంది: నాలుగు చక్రాలకీ పవర్, 550 సైజు బ్రష్డ్ మోటారు (లోపల కార్బన్ బ్రష్షులుండే మామూలు రకం), 7.4 వోల్టుల బ్యాటరీ. నిజంగా ఓపిక ఉన్న కుటుంబానికి మాత్రం టామియా టీటీ-02 కిట్టుకే మా ఓటు. స్క్రూ దగ్గర్నుంచి మీరే బిగించాలి. తమ చేతులతో బిగించిన కారు ఎక్కడ ఎందుకు విరిగిందో పదేళ్ళ పిల్ల కూడా చెప్పగలదు.

బొమ్మ కారే చాలనుకునేవాళ్ళకి ఒక మాట. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. డబ్బా మీద అది ఉందో లేదో చూసి కొనండి.

వేగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బా మీద రాసిన అంకె చూసే అందరూ మోసపోతారు. గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి అయిదున్నర మీటర్లు. ముప్పై అడుగుల మిద్దెని ఆ వేగంతో రెండు సెకన్లలోపే దాటేస్తుంది, పిట్టగోడ వచ్చేస్తుంది. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. కిలోన్నర కారు 40లో వచ్చి చీలమండకి తగిలితే ఎముక చిట్లొచ్చు. కాబట్టి మొదటి రెండు నెలలు వేగం తగ్గించే నడపండి. కొన్ని రిమోట్లలో థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఎంతవరకు వెళ్ళాలో పెట్టుకునే నాబ్ ఉంటుంది, దాన్ని సగానికి తిప్పండి. ట్రాక్సాస్ ఎక్స్‌ఎల్-5 ఈఎస్‌సీలో అయితే పవర్‌ని 50 శాతానికి తగ్గించే ట్రైనింగ్ మోడే ఉంది. అవేవీ లేకపోతే పినియన్ మార్చండి. మోటారు ఇరుసు మీద ఉండే ఆ చిన్న గేరుకి పళ్ళు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది, మోటారు వేడీ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నలభై దాటే ఎండకి, ఒకటి రెండు పళ్ళు తక్కువున్న పినియన్ పెద్దవాళ్ళ కార్లకి కూడా మంచిదే.

పినియన్ మార్చిన ప్రతిసారీ దాన్నీ, అది తిప్పే పెద్ద గేరుని, అంటే స్పర్ గేరునీ, మళ్ళీ సరిగ్గా కలపాలి. కొత్తవాళ్ళ కార్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. నోటుబుక్కు కాగితం వేలెడు వెడల్పు ముక్క చించండి. మోటారు స్క్రూలు వదులు చేసి, రెండు గేర్ల మధ్య ఆ కాగితం పెట్టి, మోటారుని స్పర్ మీదికి నొక్కిపట్టి, అట్లాగే స్క్రూలు బిగించండి. తర్వాత చక్రం తిప్పుతూ కాగితాన్ని బయటికి రానివ్వండి. కాగితం మీద విసనకర్ర మడతల్లా గీతలు పడాలి, చిరగకూడదు. చిరిగితే బిగువు ఎక్కువైందని అర్థం: మోటారు ఈల వేస్తున్నట్టు మోగుతుంది, వేడెక్కుతుంది. మడతలు సరిగ్గా పడకపోతే వదులుగా ఉందని అర్థం: బ్రేకు వేసి ముందుకి కొట్టిన నాలుగోసారికి స్పర్ పళ్ళు గీరుకుపోతాయి. స్పర్ గేరు అచ్చంగా గుండ్రంగా ఉండదు కాబట్టి పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగుచోట్ల చూడండి. నాలుగింటిలో బిగువుగా ఉన్నచోట కూడా కాస్త ఆడాలి. పెద్దవాళ్ళు పట్టుకుంటే పిల్లలు కాగితం లాగే పని ఇది, ఇద్దరికీ చేతినిండా పని ఉంటుంది.

స్క్రూల సంగతీ అంతే. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూని పెట్టగానే బిగించొద్దు. ముందు వెనక్కి నిదానంగా తిప్పండి. పాత మరలోకి ‘టక్’మని జారినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పాలి. లేకపోతే ప్రతిసారీ కొత్త మర కోస్తుంది, నాలుగోసారికి రంధ్రం లూజైపోతుంది. ఇనుములోకి దిగే స్క్రూలకి మాత్రం నీలం రంగు థ్రెడ్‌లాక్ (మరని పట్టి ఉంచే జిగురు మందు) ఒక చుక్క వేయండి, అదురుకి ఊడకుండా ఉంటాయి. మోటారు స్క్రూలకీ, పినియన్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న గ్రబ్ స్క్రూకీ తప్పకుండా వేయాలి. ప్లాస్టిక్ మీద ఆ మందు పడితే పగుళ్ళిస్తుంది, అక్కడ వాడొద్దు. పనిముట్లంటే 1.5, 2, 2.5 మి.మీ. హెక్స్ స్క్రూడ్రైవర్లు, చక్రం నట్టుకి 7 మి.మీ. స్పానర్, ఇవి చాలావరకు సరిపోతాయి; టామియా కిట్టుకి మాత్రం ప్లస్ స్క్రూడ్రైవర్ కావాలి. ఎల్ ఆకారపు చవక అలెన్ కీలతో పని మొదలుపెడితే స్క్రూ తలలు గుండ్రంగా అరిగిపోయి, తర్వాత వాటిని తీయడమే ఒక పనవుతుంది. ఈ ఒక్క చోట డబ్బుకి వెనకాడొద్దు.

ఇక ఎర్రమట్టి. చంద్రగిరి వైపు వెళ్ళినా, చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోపుల బాటల్లో నడిపినా, ఇంటికొచ్చేసరికి కారు కుంకుమ పూసుకున్నట్టు ఉంటుంది. బొమ్మ కార్లు మురికైతే అందం పోతుందంతే. ఆర్‌సీ కారులో ఆ మన్ను బేరింగుల్లోకి, గేరుబాక్సులోకి, బ్రష్డ్ మోటారు కన్నాల్లోకి పోతుంది. గ్రీజుతో కలిస్తే ఆకురాయి పట్టినట్టే అరగదీస్తుంది. అందుకే బయటికి కనిపించే గేర్లకి, చక్రాలకి పవర్ తీసుకెళ్ళే డాగ్‌బోన్ కడ్డీల చివరలకి గ్రీజు పూయొద్దు. పూస్తే మెత్తగా తిరుగుతుందనిపిస్తుంది గానీ, రెండు బ్యాటరీలు నడిపాక పళ్ళు సూదుల్లా తేలతాయి. మూతపడిన గేరుబాక్సు లోపలే గ్రీజు, బయటి గేర్లు పొడిగానే ఉండాలి.

నడిపాక శుభ్రం చేయడానికి నీళ్ళు వద్దు. ముందు పాత పెయింటు బ్రష్షుతో పొడిమట్టి దులపండి, మూలల్లో టూత్ బ్రష్షు వాడండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించే అలవాటుంటే ట్యూబుని జానెడు దూరంలో పెట్టించండి. ఆ గాలితో బేరింగు గిర్రున తిరగనివ్వొద్దు, నూనె లేకుండా అంత వేగంతో తిరిగితే లోపలి గుండ్లు గీరుకుపోతాయి. కంప్రెసర్ గాలిలో నీటి తుంపర కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఒక్కో చక్రాన్ని వేలితో తిప్పి చెవి పెట్టి వినండి. బాగున్నది చప్పుడు లేకుండా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. లోపలికి మన్ను చేరినది గరగరమంటుంది, ఉన్నట్టుండి ఆగుతుంది. యాక్సిల్‌కి వెంట్రుకలు, గోనె పీచు చుట్టుకున్నాయేమో కూడా అప్పుడే చూడండి. ఇంట్లో నడిపే కార్లకి మట్టికన్నా వెంట్రుకలే శత్రువు.

గరగరమనే బేరింగుని తీసి, చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అందులో వేసి కుదిపితే మన్ను అడుక్కి దిగుతుంది. ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, అంతే. రెండు చుక్కలు వేస్తే మళ్ళీ మట్టిని లాక్కుంటుంది. అప్పటికీ గరగర పోకపోతే కొత్తది వేయాలి. దానికి విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు. ఆర్‌సీ వాళ్ళు కొలతలు చెబుతారు, బేరింగు షాపు వాళ్ళకి నంబరు కావాలి, తేడా అంతే. 5×11×4 (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మి.మీ.లలో) కావాలంటే ఎంఆర్115 అని అడగండి. 5×10×4కి ఎంఆర్105, 10×15×4కి 6700, 8×16×5కి 688. నంబరు చివర జెడ్‌జెడ్ ఉంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ ఉంటే రబ్బరు మూత. రబ్బరుది కొంచెం బిగువుగా తిరుగుతుంది గానీ, మన మట్టికి అదే సరైంది. తీసుకెళ్ళే ముందు పాత బేరింగు జేబులో వేసుకోండి.

ఛాసిస్ మొత్తానికి మన్ను పడకుండా పాత నైలాన్ చీర ముక్క కట్టుకోవచ్చు. సన్నటి అల్లిక గాలిని వదిలి దుమ్ముని ఆపుతుంది. అయితే మోటారు, ఈఎస్‌సీ ఫ్యాను మీద గుడ్డ బిగుతుగా పడకూడదు.

బ్యాటరీ దగ్గర ఏ చిన్న పొరపాటూ చేయకూడదు. పిల్లలున్న ఇంట్లో మొదటి ఏడాది నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకులే వాడమని మా సలహా: ఆరు సెల్లులు, 7.2 వోల్టులు. బరువు ఎక్కువ, పోను పోను జోరు తగ్గుతుంది, కానీ చిన్న పొరపాట్లని ఓర్చుకుంటాయి. లైపో (లిథియం పాలిమర్) తేలిక, జోరు చివరిదాకా ఉంటుంది, తప్పు చేస్తే మాత్రం మంటే. రెండు సెల్లుల లైపో నిండితే 8.4 వోల్టులు. ఒక్కో సెల్లు 3.2 వోల్టులకి తగ్గేలోపు ఆపాలి. ఆ పని ఈఎస్‌సీ చేస్తుంది, కానీ మీరు చెబితేనే చేస్తుంది. ఉదాహరణకి హాబీవింగ్ క్విక్‌రన్ 1060లో లైపోనా నికెలా అని చెప్పడానికి చిన్న జంపర్ (పిన్నుల మీద మార్చి పెట్టే ముక్క) ఉంటుంది. లైపో పెట్టి జంపర్ నికెల్ వైపు ఉంచితే కారు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఆ ఒక్క పూటతోనే చెడిపోవచ్చు.

ఛార్జింగ్‌కి లెక్క సులువు: ఎన్ని ఆంపియర్ అవర్లో అన్ని ఆంపియర్లు. 1500 ఎంఏహెచ్ (1.5 ఆంపియర్ అవర్లు) అయితే 1.5 ఆంపియర్లు, గంట పడుతుంది. ప్రతి సెల్లుని విడిగా చూసుకునే బ్యాలెన్స్ ఛార్జర్ కొనండి. నడిపి తెచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటుంది, అరగంట చల్లారాకే పెట్టండి. మొజాయిక్ నేల మీద, మట్టి మూకుడులో పెట్టి, మనిషి కంటి ముందే ఛార్జ్ చేయాలి. రాత్రి పెట్టి పడుకోవడం వద్దే వద్దు. నాలుగైదు రోజులు వాడకపోతే ఒక్కో సెల్లు 3.8 దగ్గర ఉండేలా స్టోరేజ్ ఛార్జ్ చేసి, అడుగున ఇసుక పోసిన మట్టికుండలో దాచండి. మూత గాలి ఆడేలా ఉండాలి. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో లైపో వదలొద్దు. ఉబ్బిన ప్యాకుని నొక్కి చూడొద్దు, మళ్ళీ ఛార్జ్ చేయొద్దు. ఆరుబయట, దూరంగా, బైకు ఇండికేటర్‌కి వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు తగిలించి వెలుగు పూర్తిగా పోయేదాకా వదిలేసి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. ఎప్పుడైనా పొగ వస్తే ఇసుక పోసి, పిల్లల్ని దూరంగా పంపండి. ఆ పొగ పీల్చకూడదు.

కనెక్టర్ మార్చాల్సి వస్తే బ్యాటరీ తీగలు రెండూ ఒకేసారి కత్తిరించకండి, కత్తెరే షార్ట్ చేస్తుంది. ఒకటి కత్తిరించి, అతికించి, తీగకి ఇన్సులేషన్ ట్యూబు తొడిగాకే రెండోది. మొబైల్ రిపేరు షాపులో ఉండే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఈ లావు తీగలు వేడెక్కవు. సీసం పైన ముద్దలా నిలబడుతుంది, లాగితే ఊడొస్తుంది. 60 వాట్లది కావాలి.

ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. తిరగేసి చేస్తే కారు దిక్కు తెలియక ఫుల్ స్పీడులో గోడకి కొట్టుకోవచ్చు. పాత 27 మెగాహెర్ట్జ్ బొమ్మ కార్లు రెండు పక్కపక్కన పెడితే ఒకరి రిమోట్‌కి ఇంకొకరి కారు తిరిగేది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ గొడవ లేదు, ప్రతి రిమోటూ తన రిసీవర్‌తో జత కట్టుకుని ఉంటుంది.

మిద్దె మీద ట్రాక్ వేయడానికి కొబ్బరిచిప్పలు బోర్లించి మలుపులు పెట్టండి. కారు గుద్దుకున్నా ఏదీ విరగదు, చిప్ప జారుతుంది. దారి వెడల్పు కనీసం అయిదు కార్లు పక్కపక్కన పట్టేంత ఉండాలి, లేకపోతే దాటడానికి చోటుండదు. గీతలకి పొడి ముగ్గుపిండి వాడకండి. అది రాతిపొడి, గాలికి లేచి బేరింగుల్లోకే చేరుతుంది. తడి సుద్దముక్కతో గీయండి. పిట్టగోడకి కింద నీళ్ళు పోయే కన్నాలుంటే ఇటుక అడ్డం పెట్టండి, కారు అందులోంచి వీధిలోకి దిగిపోతుంది.

కొత్తగా పట్టినవాళ్ళందరికీ ఒకటే ఇబ్బంది: కారు దూరంగా పోతుంటే బాగా తిప్పుతారు, ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారై గోడకి కొడతారు. దీనికి మందు రెండు చిప్పలు. ఆరేడు అడుగుల ఎడంగా పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకెలా నిదానంగా తిప్పిస్తూ ఉండండి. రోజూ పది నిమిషాల చొప్పున వారం చేస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. పందెంలో ఇద్దరు నడిపితే మిగతావాళ్ళకీ పనుండాలి. ఒకరు చుట్లు లెక్కపెట్టాలి, తాతయ్యకో అవ్వకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఇవ్వండి, ఇంకొకరు బోల్తా పడ్డ కార్లని లేపాలి. లేపే మనిషి లోపలికి అడుగుపెడితే రెండు కార్లూ ఆగాల్సిందే. నడిపేవాళ్ళు మెట్ల మీదో బల్ల మీదో ఒకే వైపు నిలబడితే ట్రాకంతా కనిపిస్తుంది.

బయట నడపాలంటే పొద్దున్నే, తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో, అడిగి నడపండి. అలిపిరి, కపిలతీర్థం దారుల్లో భక్తులు నడుస్తుంటారు, అక్కడ ఎంత ఖాళీగా కనిపించినా వద్దు. శేషాచలం అడవి హద్దులోకీ తీసుకెళ్ళొద్దు. స్వర్ణముఖి నది ఇసుక చూస్తే నోరూరుతుంది గానీ, బ్రష్డ్ మోటారుకి ఆ సన్నిసుక విషం. వెళ్ళాలనుకుంటే లోపలికి ఇసుక పోని మూసిన మోటారుతోనే వెళ్ళండి. మామిడి తోపుల్లో కోతలప్పుడు ట్రాక్టర్లు, కూలీలు తిరుగుతుంటారు, ఆ రోజుల్లో వద్దు. ఏ బ్యాటరీకి ఆ బ్యాటరీ అయ్యాక మోటారు మీద వేలు పెట్టి చూడండి. మూడు సెకన్లు ఆనించలేకపోతే పదిహేను నిమిషాలు ఆపాలి.

కారు కొనేటప్పుడే స్పేర్లూ ఆర్డర్ చేయండి: స్పర్ గేర్లు రెండు, ముందు కింది ఆర్ములు ఒక జత, ముందు చక్రాలని పట్టుకునే స్టీరింగ్ నకల్స్ ఒక జత, సర్వో గేర్ల సెట్టు, బాడీ క్లిప్పులు పది. ముందు ఆర్ములే మొదట విరిగేవి, ఎందుకంటే అందరూ గోడని ముందు నుంచే గుద్దుతారు. ఎం3 (3 మి.మీ.) స్క్రూలు ఊళ్ళో నట్టు బోల్టు షాపుల్లోనే దొరుకుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా, అది ఎలక్ట్రానిక్స్ వరకే, బేరింగులు తుప్పు పడతాయి. ఆ రోజుల్లో హాల్లోనే క్రాలర్‌కి దారి వేయండి: దిండు మీద చాప, పక్కన బోర్లించిన చాట, నాలుగు గ్రానైట్ ముక్కలు. కారు వెనక్కి పడిపోతుంటే బరువు ముందుకి జరపండి. బ్యాటరీని ముందు యాక్సిల్ దగ్గరికి మార్చి, ముందు చక్రాలకి ఇత్తడి బరువులు పెడితే వెనక పడటం తగ్గుతుంది. బగ్గీలకి డిఫరెన్షియల్ (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) విప్పే పని కూడా అప్పుడే పెట్టుకోండి. తెల్లటి పళ్ళెంలో విప్పితే సన్నటి పిన్నులు పోవు. పాత గ్రీజు ఎర్రగా ఉంటే మట్టి లోపలికి పోతోందన్నమాట, అంచున కాగితం గ్యాస్కెట్ చిరిగి ఉంటుంది. గ్యాస్కెట్ మార్చి, మూత స్క్రూలు ఒకదాని ఎదుటిది ఒకటిగా, కొంచెం కొంచెం చొప్పున బిగించండి. ఒక్కదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే మూత వంకర పోయి మళ్ళీ అక్కడినుంచే కారుతుంది.